"ఏలియన్స్ నుంచి సిగ్నల్" వార్త వచ్చిందా? అరగంటలో మీరే తేల్చుకోండి ఇలా

"ఇది నిజమేనా అండీ?" అంటూ నెలకు రెండు మూడు స్క్రీన్‌షాట్లు వస్తూనే ఉంటాయి. అంతరిక్షం లోతుల్లోంచి అంతుచిక్కని సిగ్నల్ అని ఒకటి, శాస్త్రవేత్తలకే చెమటలు పట్టాయని ఇంకొకటి. మా బాబాయి అయితే స్క్రీన్‌షాట్ కూడా పెట్టడు, అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. నేను ఏం చూస్తానో, ఏ వరుసలో చూస్తానో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇకనుంచి అడిగినవాళ్లకు ఇదే పంపుతాను.

కావలసినవి

• క్యాలిక్యులేటర్, ఇంటర్నెట్ ఉన్న ఫోన్
• ఒక నోట్‌బుక్, పెన్ను. గళ్ల కాగితం ఒకటి ఉంటే మంచిది
• స్టెల్లేరియం లాంటి ఆకాశపటం యాప్ (లేకపోయినా నడుస్తుంది)
• అరగంట టైం

టెలిస్కోప్ అక్కర్లేదు. ఫిజిక్స్ డిగ్రీ కూడా అక్కర్లేదు. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

1. ముందు మూడు తేదీలు రాయండి

సిగ్నల్ టెలిస్కోప్‌కు అందిన తేదీ, పరిశోధన పత్రం బయటికొచ్చిన తేదీ, మీ ఫోన్‌కు వచ్చిన తేదీ. ఈ మూడూ ఒకటి కావడం చాలా అరుదు. 2016 ఆగస్టులో "94 కాంతి సంవత్సరాల దూరంలోని హెచ్‌డీ 164595 నక్షత్రం నుంచి సిగ్నల్" అని ప్రపంచమంతా హోరెత్తింది. రష్యాలోని రతన్-600 టెలిస్కోప్ దాన్ని పట్టింది 2015 మేలో. మధ్యలో ఏడాదికి పైగా గడిచింది. నిజంగా ఎవరో పలకరిస్తే అంతకాలం ఎవరూ ఊరుకోరు.

ఈ ఒక్క అడుగుతోనే సగం ఫార్వర్డ్‌లు ఎగిరిపోతాయి. పాత వార్తకు కొత్త మ్యూజిక్ కలిపి తిప్పేవే ఎక్కువ.

2. శీర్షికలో రెండు మాటలు కొట్టేయండి

కొట్టేయాల్సినవి "సంకేతం", "పంపారు". అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంగ్లిష్ వార్తలో సిగ్నల్ అంటే పరికరంలో మామూలు గీత కంటే పైకి లేచిన ఏదో ఒక గీత, అంతే. దాన్ని తెలుగులో "సంకేతం" అనగానే ఎవరో ఒకరు కావాలని చేసిన సైగ అనే అర్థం దూరిపోతుంది. సంకేతం ఉందంటే ఇచ్చినవాడు ఉండాలి కదా! ఆ తరవాత "పంపారు" అనే క్రియ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ఆ రెండింటి చోట "రేడియో తరంగాలు అందాయి" అని రాసి, వార్త మళ్లీ చదవండి.

2023 జనవరిలో మన పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ (ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌ల టెలిస్కోప్) అతి దూరపు గెలాక్సీ నుంచి రేడియో సిగ్నల్ పట్టిందని వార్త వచ్చింది. "పంపారు" తీసేసి చదివితే అందులో ఉన్నది ఇంతే: 880 కోట్ల ఏళ్ల క్రితం ఒక గెలాక్సీలోని హైడ్రోజన్ వాయువు నుంచి బయల్దేరిన తరంగాలు ఇప్పుడు మన దాకా చేరాయి. దారిలో ఉన్న ఇంకో గెలాక్సీ భూతద్దంలా పనిచేసి వాటిని సుమారు 30 రెట్లు పెంచింది కాబట్టి కనిపించాయి. పంపినవాడు ఎవడూ లేడు. పట్టడం మాత్రం గొప్ప పనే.

జాగ్రత్త: ఫోన్‌లో ఆటోమేటిక్ అనువాదంతో చదివేవాళ్లకు ఈ పొరపాటు తప్పకుండా ఎదురవుతుంది. ఇంగ్లిష్ కష్టమైనా సరే, అనువాదం పక్కన అసలు వాక్యం పెట్టుకుని చూడండి.

3. అసలు పత్రం పట్టుకోండి

వార్తలో టెలిస్కోప్ పేరో, నక్షత్రం పేరో, పరిశోధన పత్రిక పేరో ఏదో ఒకటి ఉంటుంది. దాంతో వెతికితే చాలాసార్లు ఆర్కైవ్ (arXiv.org) అనే సైట్‌లో పత్రం ఉచితంగా దొరుకుతుంది. అంతా చదవక్కర్లేదు. మొదటి పేరాలాంటి సారాంశం, చివర్లో ముగింపు చూస్తే చాలు.

పత్రం దొరక్కపోతే ఆ టెలిస్కోప్ నడిపే సంస్థ సొంత ప్రకటన చూడండి. అదీ లేకపోతే నోట్‌బుక్‌లో "ఆధారం లేదు" అని రాసి ఇక్కడే ఆపేయండి. ఒక యూట్యూబ్ వీడియోకి ఇంకో యూట్యూబ్ వీడియో ఆధారం కాదు.

4. అయిదు వివరాలు రాయండి

ఫ్రీక్వెన్సీ ఎంత, వెడల్పు ఎంత, ఎంతసేపు వచ్చింది, ఎటువైపు నుంచి వచ్చింది, మళ్లీ వచ్చిందా.

ఫ్రీక్వెన్సీ చూడగానే ఈ అంకెలతో పోల్చుకోండి:

• 88–108 మెగాహెర్ట్జ్: మీ ఎఫ్ఎం రేడియో
• 1420.4: హైడ్రోజన్ పరమాణువు సొంత ఫ్రీక్వెన్సీ. విశ్వమంతా ఉండేదే
• 1665, 1667: హైడ్రాక్సిల్, అంటే నీరు విడిపోతే వచ్చే ముక్క
• 2400 చుట్టుపక్కల: వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్
• 8400 చుట్టుపక్కల: దూరంగా తిరిగే మన వ్యోమనౌకలు. వాయేజర్-1 మాట్లాడేది ఇక్కడే

అంకె సరిగ్గా కలవలేదని కంగారు పడకండి. దూరపు గెలాక్సీలు మన నుంచి దూరంగా జరుగుతుంటాయి కాబట్టి వాటి ఫ్రీక్వెన్సీ తగ్గి కనిపిస్తుంది. పత్రంలో రెడ్‌షిఫ్ట్ అని ఒక అంకె ఇస్తారు. దానికి 1 కలిపి, అసలు ఫ్రీక్వెన్సీని భాగించండి. జీఎంఆర్‌టీ గెలాక్సీకి రెడ్‌షిఫ్ట్ 1.29. 1420.4ను 2.29తో భాగిస్తే సుమారు 620 మెగాహెర్ట్జ్ వస్తుంది. పత్రంలో ఉన్నదీ ఆ చుట్టుపక్కలే. మీ లెక్కా వాళ్ల లెక్కా కలిసిందంటే, "రహస్య సంకేతం" కాస్తా హైడ్రోజన్ అయిపోయింది.

ఇక వెడల్పు. ప్రకృతి చేసే రేడియో తరంగాలు చాలా ఫ్రీక్వెన్సీల్లో పరుచుకుని ఉంటాయి. కొన్ని వందల హెర్ట్జ్ కంటే సన్నగా, సూది మొనలాగా ఉంటే అది యంత్రం పనే అయ్యుండాలి. అయితే యంత్రం అన్నంత మాత్రాన ఏలియన్ల యంత్రం అని కాదు. భూమ్మీద, భూమి చుట్టూ ఉన్న యంత్రాలు తక్కువా?

5. క్షణంలో వచ్చి పోయేదైతే ఈ లెక్క చేయండి

సెకనులో వెయ్యో వంతు మెరిసి మాయమయ్యే వాటిని ఫాస్ట్ రేడియో బరస్ట్‌లు, పొట్టిగా ఎఫ్‌ఆర్‌బీలు అంటారు. మొదటిది 2007లో బయటపడింది. దొరికింది మాత్రం ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్ 2001లో రికార్డు చేసి పక్కన పెట్టిన డేటాలో.

ఇవి దూరం నుంచి వచ్చాయో లేదో కనిపెట్టే సులువు ఒకటుంది. నక్షత్రాల మధ్య ఖాళీలో ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. వాటి గుండా వచ్చేటప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందు వస్తుంది, తక్కువ ఫ్రీక్వెన్సీ వెనకబడుతుంది. ఎంత దూరం ప్రయాణిస్తే అంత ఆలస్యం. దీన్ని పత్రాల్లో డీఎం (డిస్పర్షన్ మెజర్) అనే అంకెగా ఇస్తారు. లెక్క ఇది:

ఆలస్యం (మిల్లీసెకన్లలో) = 4.15 × డీఎం × (1/తక్కువ ఫ్రీక్వెన్సీ వర్గం − 1/ఎక్కువ ఫ్రీక్వెన్సీ వర్గం)

ఫ్రీక్వెన్సీ గిగాహెర్ట్జ్‌లో వేయాలి. మెగాహెర్ట్జ్‌లో వేసి "ఆలస్యమే లేదు" అని తేల్చేవాళ్లు చాలామంది. మొదటిసారి నేనూ అదే చేశాను.

ఆ మొదటి ఎఫ్‌ఆర్‌బీకి డీఎం 375. 1.5, 1.25 గిగాహెర్ట్జ్ మధ్య ఆలస్యం చూద్దాం. 1.25 వర్గం 1.5625, దాన్ని తిరగేస్తే 0.64. 1.5 వర్గం 2.25, తిరగేస్తే 0.444. తేడా 0.196. దాన్ని 4.15తో, 375తో గుణిస్తే 305 దాకా వస్తుంది. అంటే సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ. పత్రంలోని బొమ్మలో ఏటవాలుగా వంగిన గీత కనిపిస్తుంది చూడండి, ఆ వంపు ఇదే.

ఆ దిశలో మన పాలపుంత వాటా ఎంతో కూడా పత్రంలో ఉంటుంది. దీనికి 25 మాత్రమే. మిగతా 350 మన గెలాక్సీ బయటిది. కాబట్టి దూరం నిజమే. ఎవరు చేశారన్నది వేరే ప్రశ్న. 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే ఒక మాగ్నెటార్, అంటే విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న చచ్చిన నక్షత్రం, ఇలాంటి మెరుపే మెరిసింది. ఆ తరవాత ఎఫ్‌ఆర్‌బీల్లో కొన్నయినా వీటి పనే అన్న సంగతికి గట్టి ఆధారం దొరికినట్టయింది.

6. దగ్గరి దొంగల్ని వెతకండి

మొత్తం పద్ధతిలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు. పార్క్స్ టెలిస్కోప్‌లో అచ్చంగా అదే జరిగింది.

అక్కడ అప్పుడప్పుడూ ఎఫ్‌ఆర్‌బీలను పోలిన విచిత్రమైన మెరుపులు పడేవి. పెరిటాన్‌లు అని పేరు పెట్టారు. వాటికీ అదే ఏటవాలు వంపు. మీరు పై లెక్క చేస్తే అవీ పాసైపోతాయి! కానీ రెండు తేడాలున్నాయి. ఆకాశంలో ఒక చుక్క నుంచి వచ్చేదైతే టెలిస్కోప్‌కు ఉన్న 13 బీముల్లో (ఒక్కో బీము ఆకాశంలో ఒక్కో చోటును చూస్తుంది) ఒకటి రెండింట్లోనే గట్టిగా కనిపించాలి. ఇవి అన్నింట్లోనూ పడేవి. పైగా పగటిపూట, పని గంటల్లోనే వచ్చేవి. చివరికి 2015లో దొంగ దొరికాడు. అక్కడి మైక్రోవేవ్ ఓవెన్! టైమర్ పూర్తయ్యేదాకా ఆగకుండా ఎవరో తలుపు లాగేసినప్పుడు, లోపల తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ ఆరిపోతూ ఆ ఒక్క క్షణం తరంగాలు బయటికి వదిలేది. అన్నం వేడి చేసుకునేటప్పుడు మనమందరం చేసే పనే.

రెండో దొంగ, పైన తిరిగేవాడు. 2024 జూన్‌లో ఆస్ట్రేలియాలోని ఆస్కాప్ టెలిస్కోప్‌కు సెకనులో కోటో వంతు కూడా పట్టని ఒక మహా బలమైన మెరుపు అందింది. తీరా చూస్తే అది నాసా 1964లో పంపిన రిలే-2 ఉపగ్రహం. 1967లోనే పనిచేయడం మానేసింది. చచ్చిన ఉపగ్రహం మెరుపు ఎలా మెరుస్తుంది? ఒంట్లో పేరుకున్న విద్యుత్తు ఒక్కసారి స్పార్క్ అయ్యుండాలి, లేదా చిన్న ఉల్కాకణం తగిలి ఉండాలి అంటున్నారు. పట్టిచ్చింది ఏమిటంటే, డిష్‌లన్నీ కలిపి చూస్తే బొమ్మ మసగ్గా వచ్చింది. ఫోన్ కెమెరాను ముక్కుకు ఆనించి ఫొటో తీసినట్టు. అంత దగ్గరగా ఉందన్నమాట.

హెచ్‌డీ 164595 సంగతి మధ్యలో వదిలేశాను. అది భూమి సంబంధమైనదే అని రష్యన్ శాస్త్రవేత్తలే తరవాత చెప్పారు.

కాబట్టి మీరు పత్రంలో వెతకాల్సిన ప్రశ్నలు ఇవి:

• టెలిస్కోప్‌ను పక్కకు తిప్పినప్పుడు సిగ్నల్ పోయిందా? పోవాలి. పోకపోతే అది పక్కింటిదే.
• రోజూ ఏ టైంకి వస్తోంది? నక్షత్రాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. సిగ్నల్ కూడా అలా 4 నిమిషాలు ముందుకు జరుగుతుంటే అది ఆకాశానిది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకే వస్తే భోజనాల టైం గుర్తుచేసుకోండి.
• అదే టెలిస్కోప్‌లో వేరే ఫ్రీక్వెన్సీల దగ్గర ఇలాంటి గీతలే ఇంకా ఉన్నాయా?

మూడో ప్రశ్నే బీఎల్‌సీ1 కథ ముగించింది. 2019లో పార్క్స్ టెలిస్కోప్ మన పొరుగు నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ వైపు చూస్తుండగా 982 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నని గీత కనిపించింది. టెలిస్కోప్‌ను పక్కకు తిప్పితే పోయింది, ఇటు తిప్పితే వచ్చింది. మొదటి పరీక్ష పాస్. 2020 డిసెంబరులో వార్త లీకైనప్పుడు నేను కూడా ఫ్యామిలీ గ్రూపులో "ఈసారి ఏదో ఉన్నట్టుంది" అని పెట్టాను. 2021 అక్టోబరులో వివరాలొచ్చాయి. అదే పోలికలున్న గీతలు వేరే ఫ్రీక్వెన్సీల్లో 60 దాకా దొరికాయి. కొన్ని టెలిస్కోప్ పక్కకు తిరిగినప్పుడు కూడా ఉన్నాయి. మన ఎలక్ట్రానిక్ పరికరాల గోలే ఒకదాంతో ఒకటి కలిసి అలా కనిపించింది. గ్రూపులో నా మెసేజ్ ఇప్పటికీ ఉంది. మా మరదలు సందర్భం దొరికినప్పుడల్లా దాన్ని పైకి తెస్తుంది.

7. మళ్లీ వచ్చిందా? ఇంకెవరైనా చూశారా?

1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని చార్టు కాగితంపై 1.337 సెకన్లకొకసారి ఠంచనుగా కొట్టుకునే తరంగాన్ని పట్టింది. దానికి సరదాగా ఎల్‌జీఎం-1 అని పేరు పెట్టారు. "చిన్న ఆకుపచ్చ మనుషులు" అన్నదానికి పొట్టి పేరు. కొన్ని వారాల్లో ఆమెకే ఆకాశంలో వేరే దిక్కున ఇంకొకటి దొరికింది. రెండు దిక్కుల నుంచి రెండు వేర్వేరు నాగరికతలు ఒకేసారి మనల్నే పిలుస్తాయా? అక్కడితో ఆకుపచ్చ మనుషులు పోయారు, పల్సార్లు (గిరగిరా తిరుగుతూ తరంగాలు చిమ్మే చచ్చిన నక్షత్రాలు) మిగిలాయి. మళ్లీ రావడం, ఇంకోచోట కూడా దొరకడం ప్రకృతి లక్షణం.

ఒక్కసారే వచ్చి పోయినవాటితోనే తంటా. 1977 ఆగస్టు 15న అమెరికాలోని ఒహాయోలో బిగ్ ఇయర్ టెలిస్కోప్‌కు అందిన "వావ్" సిగ్నల్ అలాంటిదే. ప్రింటౌట్ చూసిన ఖగోళ శాస్త్రవేత్త జెర్రీ ఎమన్ ఎర్ర పెన్నుతో పక్కన వావ్ అని రాయడంతో అదే పేరైంది. ఆ ప్రింటౌట్‌లో ఉన్నది 6, ఇ, క్యూ, యు, జె, 5. దీన్ని రహస్య లిపి అనుకుని అర్థాలు తీసినవాళ్లు కోకొల్లలు. మీరే గీసి చూడండి. ఆ కంప్యూటరు తరంగం బలాన్ని అంకెల్లో రాసేది, 9 దాటితే అక్షరాలు వాడేది. ఇంగ్లిష్ ఎ అంటే 10, బి అంటే 11, అలా. అప్పుడు ఇ 14, క్యూ 26, యు 30, జె 19 అవుతాయి. ఆరు గుర్తులు, ఒక్కొక్కటి 12 సెకన్లు, మొత్తం 72 సెకన్లు. గళ్ల కాగితం మీద 6, 14, 26, 30, 19, 5 చుక్కలు పెట్టి కలపండి. గుట్టలాంటి ఆకారం వస్తుంది.

ఆ గుట్ట సందేశం కాదు. బిగ్ ఇయర్ కదలకుండా ఉండేది, భూమి తిరుగుతుంటే ఆకాశం దాని ముందు నుంచి సాగిపోయేది. ఆకాశంలో నిలకడగా ఉన్న ఏ చుక్కయినా దాని చూపులోకి వచ్చి, మధ్యకు చేరి, దాటిపోవడానికి పట్టేది అంతే సమయం. అందుకే అది వంటింటి ఓవెన్ కాదని గట్టిగా అనిపిస్తుంది. అయితే టెలిస్కోప్‌కు పక్కపక్కన రెండు హార్న్‌లు (తరంగాలను పట్టే గరాటాలు) ఉండేవి, కొన్ని నిమిషాల తేడాతో రెండింట్లోనూ పడాలి. ఒక్కదాంట్లోనే పడింది. తరవాత ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. తోకచుక్క అని 2017లో ఒకరన్నారు, నిలబడలేదు. చల్లని హైడ్రోజన్ మేఘం ఒక్కసారిగా వెలిగి ఉండొచ్చని 2024లో ఒక బృందం ప్రతిపాదించింది. తేలలేదు.

8. తీర్పు రాయండి

నాలుగు గడులే పెట్టుకోండి: "మనదే", "ప్రకృతిది, కారణం తెలుసు", "ప్రకృతిది, కారణం పూర్తిగా తేలలేదు", "తేలలేదు". ఏలియన్స్ అని అయిదో గడి పెట్టకండి. అవసరమైన రోజున ఆ కాగితం అంచున గీసుకోవచ్చు, చోటు ఉంటుంది.

అందరూ చేసే తప్పులు

"శాస్త్రవేత్తలకు తెలియదు" అంటే "ఏలియన్స్" అని చదవడం మొదటిది. మూడో గడిలో ఉన్న ఎఫ్‌ఆర్‌బీలు వేలల్లో ఉన్నాయి. అవన్నీ ఎవరి సందేశాలూ కావు.

రెండోది శబ్దం. "అంతరిక్షంలో వినిపించిన శబ్దం" అంటూ వచ్చే ఆడియోలను నమ్మకండి. రేడియో తరంగం శబ్దం కాదు. డేటాను తరవాత కంప్యూటర్‌లో శబ్దంగా మారుస్తారు. ఎలా మార్చాలన్నది మార్చేవాళ్ల ఇష్టం. సూర్యుడు ఓం అంటున్నాడని నాసా రికార్డు చేసినట్టు తిరిగే వీడియో కూడా ఈ కోవలోదే. నాసా అలాంటిదేమీ విడుదల చేయలేదు.

మూడోది క్రమం ఉంటే తెలివి ఉందనుకోవడం. ఎఫ్‌ఆర్‌బీ 180916 అనేది 16.35 రోజులకొకసారి చురుగ్గా మారుతుంది. అమావాస్య, పున్నమి కూడా క్రమం తప్పకుండా వస్తాయి కదా.

మీ తీర్పు సరైనదో కాదో చూసుకోవడం

ముందు జవాబు తెలిసిన కేసులతో చేయి తిప్పుకోండి. బీఎల్‌సీ1 మొదటి వార్త మాత్రమే చదివి తీర్పు రాయండి, తరవాత 2021 పత్రం తెరవండి. రిలే-2తోనూ అలాగే. కొత్త కేసయితే పేజీ మీద తేదీ వేసి, ఆరు నెలలకు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు నక్షత్రం పేరుతో మళ్లీ వెతకండి. దిద్దుబాట్లకు శీర్షికలు రావు, మీరే వెతుక్కోవాలి.

చివరగా ఈమధ్యది ఒకటి చేసి చూపిస్తాను. 2025లో సౌర కుటుంబం బయటి నుంచి వచ్చిన 3ఐ/అట్లాస్ తోకచుక్క నుంచి రేడియో సిగ్నల్ వచ్చిందని ఫార్వర్డ్. టెలిస్కోప్ దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్. ఫ్రీక్వెన్సీలు 1665, 1667. పైన లిస్టు చూడండి, హైడ్రాక్సిల్. పత్రంలోని మాట ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది ప్రసారం కాదు, శోషణ. అంటే వెనకనుంచి వచ్చే తరంగాల్లో కొంత భాగాన్ని తోకచుక్క చుట్టూ ఉన్న వాయువు మింగేసింది. గీత పైకి లేవలేదు, కిందికి దిగింది. రెండో గడి.

బాబాయికి నేను పంపిన జవాబు ఇదీ, కావాలంటే కాపీ చేసుకోండి: "బాబాయ్, అది ఎవరూ పంపింది కాదు. తోకచుక్కలోని మంచు ఎండకు ఆవిరై, నీరు ముక్కలై, ఆ ముక్కలు కనిపించాయి. తోకచుక్కలన్నింటికీ మామూలే. నువ్వు పడుకో."